వెనుక చక్రం మీది వంపు

కార్ల కంపెనీకి పనిచేస్తానంటే మా బంధువులు నేను కార్లు తయారుచేస్తాననుకుంటారు. వాస్తవానికి నేను తయారైపోయిన కార్లకు అలంకారం చేసేవాడిని. చెన్నైలోని ఒక డిజైన్ స్టూడియోలో స్పెషల్ ఎడిషన్లు చూసే విభాగం మాది. అమ్మకాలు మందగించిన మోడల్‌ను మాకు అప్పగిస్తారు. దానికి మెరుపు లేని నలుపు వేయిస్తాం, పైకప్పును వేరే రంగులో ఉంచుతాం, చక్రాలు మారుస్తాం, సీట్ల అంచులకు ఎర్ర దారంతో కుట్టు వేయిస్తాం, డాష్‌బోర్డు మీద వరుస సంఖ్య చెక్కిన చిన్న లోహపు పలక బిగిస్తాం. ఇన్ని కార్లే వస్తాయి, ఆ తరువాత దొరకవని ప్రకటిస్తాం. ఒక్కోసారి ఇంజను సాఫ్ట్‌వేరును సవరించి కొద్దిగా శక్తి పెంచుతారు, సస్పెన్షన్‌ను కాస్త బిగిస్తారు. చాలాసార్లు అదీ ఉండదు. చక్రాల సందుల్లోంచి కనిపించే కాలిపర్లకు, అంటే బ్రేకు పట్టకార్లకు, ఎరుపు వేయించడం మా విభాగంలో నాకు పేరు తెచ్చిన పని. ఎరుపు వేసినందువల్ల ఆ కారు ఒక్క అడుగు కూడా ముందుగా ఆగదు. ఆ సంగతి నాకు తెలుసు, కొనేవారిలో చాలామందికీ తెలుసు.

ఈ పనిని నేను చిన్నబుచ్చడం లేదు. మా ఇంటిల్లిపాదికీ ఇది అన్నం పెట్టింది. కాని నేను రంగుల మీద మక్కువతో ఈ విభాగానికి రాలేదు. అదే స్టూడియోలో, రెండు గోడల అవతల, కొత్త కారు ఆకారాన్ని అసలు కొలతల్లో మట్టితో తీసే హాలు ఒకటి ఉండేది. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆ హాలు కోసమే. అందులోకి వెళ్ళకుండా తప్పించుకోవడానికి నేను రంగుల్లోకి పారిపోయాను. ఎందుకు పారిపోయానో ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మాది రేపల్లె. నాన్నగారు పొలం పనులకు వెళ్ళేవారు. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. అక్కను చేసుకున్న బావ మా ఇంటికి రెండు సందుల అవతల కాపురం పెట్టాడు. రోజూ పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి తెనాలి వెళ్ళి, అక్కడ ఒక విగ్రహాల షెడ్డులో మట్టిపని చేసేవాడు. కూడళ్ళలో నిలబెట్టే నాయకులు, గుళ్ళకు వెళ్ళే దేవతలు, దేవుళ్ళ వాహనాల కోసం సింహాలు, గుర్రాలు, అన్నీ ముందు అతని చేతి కింద మట్టిలోనే రూపు కట్టేవి. తరువాత అచ్చు తీసి, ఫైబరులో పోసేవారు.

మేము లూథరన్ క్రైస్తవ సంఘం వాళ్ళం. దేవతామూర్తికి ఆఖరున కళ్ళు తెరిచే పని షెడ్డు యజమాని తండ్రిగారు స్నానం చేసి వచ్చి, దీపం వెలిగించి చేసేవారు. ఆ పూట బావ బయట టీ తాగి వచ్చేవాడు. "ఒళ్ళంతా నాది, చూపు మాత్రం పెద్దాయనది" అని నవ్వేవాడే గాని అందులో నిష్ఠూరం ఉండేది కాదు. దిమ్మె మీద దాత పేరు ఉంటుంది, మహా అయితే అడుగున షెడ్డు పేరు ఉంటుంది. మట్టి తీసినవాడి పేరు ఏ దిమ్మె మీదా ఉండదు. ఆ ఆనవాయితీని నేను తరువాత చాలా ఏళ్ళు నా తప్పు మీద దుప్పటిలా కప్పుకున్నాను.

ఏడేళ్ళ క్రితం నేను బాపట్లలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కళాశాలల మధ్య కాన్సెప్ట్ కారు పోటీ పెట్టారు. కాన్సెప్ట్ కారు అంటే అమ్మకానికి చేసేది కాదు. రేపటి కారు ఎలా ఉండవచ్చునో చూపించే ఊహ. దాని తలుపులు తెరుచుకోకపోయినా పరవాలేదు, లోపల ఇంజను లేకపోయినా పరవాలేదు, చూసినవాడు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. మా బృందంలో నలుగురం. మిగతా ముగ్గురు చట్రం, దీపాలు, లోపలి తెర చూసుకున్నారు. ఆకారం నా బాధ్యత. నెల రోజులు గీసిన బొమ్మలు చుట్టచుట్టి పట్టుకుని తెనాలి వెళ్ళాను.

బావ మట్టి చేతులు గోనెపట్టాకు తుడుచుకుని, కాగితం నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుక ముక్కలు పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఏంట్రా ఇది? అగ్గిపెట్టెకి చక్రాలు కట్టావు."

"గాలి తక్కువ తగలాలని అలా గీశాను బావా. పక్కలు నునుపుగా ఉంటే వేగం పెరుగుతుంది."

"అవునా? ఎంత వేగం పోద్దేంటి?"

"నాలుగు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది."

"దేంతో?"

లోపల ఇంజను లేదని అతనికి అంతకుముందే చెప్పాను.

"సర్లే ఇంజనీరు గారూ, కాగితం మీద ఎంతైనా పోద్ది" అని లేచి, షెడ్డు మధ్యలో సగం పూర్తయిన గుర్రం దగ్గరికి నడిచాడు. దాని వెనుక కాలి పైభాగాన్ని అరచేత్తో చరిచాడు. "ఇటు చూడు. ఇది ఇంకా నిలబడే ఉంది, అవునా? అయినా పరిగెత్తుద్దని నీకు తెలుస్తుంది. ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? ఈ తొడలోనించి. నీ దానికి తొడేది? పరిగెత్తేదానికి తొడ లేకుండా ఎట్టారా?"

నేను ఒప్పుకోలేదు. వెనుక చక్రం మీద అంత ఉబ్బు పెడితే గాలికి అడ్డు వస్తుందని, బొమ్మలు అప్పటికే కళాశాలకు సమర్పించామని, కొలతలు మారకూడదని వాదించాను. మా మధ్య రెండు వారాలపాటు అదే గొడవ. నేను బాపట్ల నుంచి వచ్చేసరికి చక్రం మీద మట్టి పెరిగి ఉండేది. నేను గీకించేవాణ్ణి. మళ్ళీ వచ్చేసరికి మళ్ళీ పెరిగేది. "నేనేం చెయ్యనురా, అదే అడుగుతోంది" అనేవాడు. చివరికి విసిగిపోయి వదిలేశాను. నేను ఒప్పుకోవడం కాదది, ఓడిపోవడం.

ఇనుప చువ్వల అస్థిపంజరానికి గడ్డి, గోనె చుట్టి, దాని మీద కాలవ మట్టి మెత్తాడు. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, అతనికి దొరికిన సమయమంతా ఆ మూలనే గడిపాడు. ఆకారం కుదిరాక మట్టి మీద తడి బట్టతో రాసి, నా చేతికి పొడుగాటి ట్యూబులైటు ఇచ్చేవాడు. దాన్ని పట్టుకుని నేను కారు వెంబడి మెల్లగా నడవాలి. తడి మట్టి మీద వెలుగు ఒక గీతలా పడి నాతోపాటు కదిలేది. "ఆ గీత ఎక్కడా తెగకూడదు, ఎక్కడా వణక్కూడదు. వణికిన చోట నా చెయ్యి తప్పినట్టు" అనేవాడు. వణికిన చోట బొటనవేలితో నొక్కి, మళ్ళీ నడవమనేవాడు. పెద్ద పెద్ద స్టూడియోల్లో వరుస దీపాల కింద సరిగ్గా ఈ పరీక్షే చేస్తారని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. అతనికి ఎవరూ నేర్పలేదు.

అచ్చు తీశారు, ఫైబరు పోశారు, నునుపు చేశారు. తెనాలిలోనే కార్లకు రంగులు వేసే ఒక పెద్దాయన దానికి మెరిసే రాగి రంగు కొట్టారు.

ఇంతలో కళాశాల వారు మమ్మల్ని తలా ఒక పత్రం నింపమన్నారు. అందులో బయటివారి సహాయం అని ఒక గడి ఉంది. సహాయం తీసుకోకూడదన్న నియమం లేదు. తీసుకుంటే ఎవరిదో, ఏ మేరకో రాయాలి, అంతే. చట్రం వెల్డింగు చేసిపెట్టిన దుకాణం గురించి నా మిత్రుడు నిజాయితీగా తన పత్రంలో రాశాడు. నేను మా బావ పేరు రాయబోయి ఆగాను. ఆకారం బాధ్యత నాది. ఆకారమే అతనిదని రాస్తే ఇక నాకేం మిగులుతుందనిపించింది. ఆ గడిలో "లేదు" అని స్పష్టమైన అక్షరాలతో రాశాను. నా దస్తూరి బాగుంటుందని ఉపాధ్యాయులు చిన్నప్పటి నుంచీ మెచ్చుకునేవారు. ఆ "లేదు" కూడా చాలా అందంగా వచ్చింది.

పోటీ రోజున షెడ్డు లారీలోనే కారును ఎక్కించి, టార్పాలిన్ కప్పి, తాళ్ళతో కట్టి బాపట్ల బయలుదేరాం. డ్రైవరు పక్కన బావ, నేను. దారిలో పొన్నూరు దగ్గర టీ కోసం ఆపినప్పుడు కొట్టు నడిపే ముసలమ్మ ఆ లారీని గుర్తుపట్టింది. టార్పాలిన్ వైపు చూసి చేతులు జోడించింది.

"ఏ దేవుడు బాబూ? ఎక్కడికి?"

"కారు దేవుడమ్మా, బాపట్లకి" అన్నాడు బావ. "ఇంకా కళ్ళు తెరవలా, దణ్ణం పెట్టినా చూడడు."

"నీ ఎకసెక్కాలు తగలెయ్య. దేవుడితోనా?"

"దేవుడితో కాదమ్మా, మా బామ్మర్దితో. ఇంజనీరు గారు. ఈ దేవుణ్ణి కన్నది ఈయనే."

ఆమె నా వైపు కూడా ఒకసారి చేతులు జోడించింది. ముగ్గురం నవ్వాం. అతను ఆ మాట పరిహాసానికే అన్నా, మనసులో కూడా అదే నమ్మాడు. గీసినవాడిదే కారు, మట్టి మెత్తినవాడిది కూలిపని అని అతని లెక్క. ఆ లెక్క తప్పని నేనొక్కణ్ణే ఎరుగుదును.

కళాశాల ఆవరణలో పందిరి కింద కార్లన్నీ వరుసగా నిలబెట్టారు. మా కారు ముందు మేము పెట్టిన బోర్డు మీద అశ్వశక్తి, గరిష్ఠ వేగం, ఒక్క ఛార్జింగుతో ఎంత దూరం వెళుతుంది, అన్నీ ఉన్నాయి. దాన్ని లారీలోంచి దించి అక్కడిదాకా నలుగురం నెట్టుకొచ్చామన్నది మాత్రం లేదు. ప్రయాణంలో అంచు దగ్గర చిన్న బీట పడితే బావ దాన్ని పూడ్చి, రుమాలుతో తుడుస్తూ కారుకు కుడివైపు నిలబడి ఉన్నాడు.

ముఖ్య అతిథి చెన్నైలోని డిజైన్ స్టూడియో అధిపతి. యాభై ఏళ్ళు దాటినావిడ, నూలు చీర, పొట్టి జుట్టు. మిగతా కార్ల ముందు ఆవిడ బోర్డులు చదువుతూ వచ్చారు. మా కారు ముందు బోర్డు చదవలేదు. ఎడమవైపు వెనుక చక్రం దగ్గర ఆగి, వంగి, దూరం నుంచి చూసి, దగ్గరికి వచ్చి, అరచేతిని ఆ వంపు మీద పెట్టి మెల్లగా నడిపించారు. మా వృత్తిలో ఆ భాగాన్ని జంతువు తొడ అనే అర్థమిచ్చే మాటతోనే పిలుస్తారని అప్పటికి నాకు తెలియదు. ఆవిడ ఇంగ్లీషులో అడిగారు.

"హూజ్ హ్యాండ్ ఈజ్ దిస్?"

ఎవరి బొమ్మ అని అడగలేదు. ఎవరి చెయ్యి అని అడిగారు. నేను "మైన్, మేడమ్" అన్నాను.

ఆవిడ ఇంకా చాలా చెప్పారు. తన దగ్గర మట్టితో ఇరవై ఏళ్ళుగా పనిచేసేవారున్నా ఇంత ప్రాణమున్న వంపు తాను చూడలేదన్నారు. ఇది కొలతల్లోంచి వచ్చింది కాదు, ఒంటిని ఎరిగిన చెయ్యి ఇది అన్నారు. అంటూ కారు మీదుగా అటువైపు చూసి, రుమాలుతో నిలబడ్డ మనిషి ఎవరని అడిగారు. నేను ఆవిడ దారికి అడ్డంగా జరిగి "బండితో వచ్చారండి" అన్నాను. తనను చూస్తున్నారని గ్రహించి బావ ఆవిడకు నమస్కారం చేశాడు. ఆవిడా నమస్కరించి ముందుకు వెళ్ళారు.

వెంటనే బావ నా దగ్గరికి వచ్చాడు. అతనికి ఇంగ్లీషు రాదు.

"ఏంట్రా, అంతసేపు నిలబడిందావిడ? ఏమంటది?"

నా నోట ఎలా వచ్చిందో తెలియదు. "రంగు బాగుందన్నారు బావా."

"చూశావా! నే చెప్పలా, ఆయన చేతిలో మహత్యం ఉందని!" అని అక్కడికక్కడే తెనాలికి, రంగు వేసిన పెద్దాయనకు ఫోను చేశాడు. "అన్నా, మద్రాసు నించి వచ్చినావిడ నీ రంగు దగ్గర కదల్లేదన్నా! మా పనిలో ఏముంది, నీ రంగే నిలబెట్టింది" అని గట్టిగా, సంతోషంగా చెబుతున్నాడు. చుట్టుపక్కల విద్యార్థులు వింటున్నారు. నేను బోర్డు సర్దుతున్నట్టు వంగాను.

మాకు మొదటి స్థానం వచ్చింది. కారును కళాశాల వారు ముందు హాల్లో పెట్టుకున్నారు. దాని పక్కన ఇత్తడి పలక మీద మా నలుగురి పేర్లున్నాయి, ఆకారం అన్నచోట నా ఒక్కడి పేరే ఉంది. పరీక్షలు కాగానే చెన్నైలోని ఆవిడ స్టూడియో నుంచి ఉద్యోగ పత్రం వచ్చింది. అక్క వీధిలో అందరికీ స్వీట్లు పంచింది. "మా ఆయన మట్టి తొక్కితే, మా తమ్ముడు ఉద్యోగం కొట్టాడు" అని చమత్కారంగా చెప్పుకునేది. అది ఎంత నిజమో ఆమెకు తెలియదు.

చేరిన మొదటి రోజున నన్ను మట్టి హాల్లోకి తీసుకువెళ్ళారు. కార్లకు వాడే మట్టి కాలవ మట్టి కాదు. గోధుమరంగు ముద్దలుగా ఉంటుంది, ఓవెనులో వేడిచేసి పూయాలి, గంధకం వాసన వేస్తుంది. మేడమ్ స్వయంగా వచ్చి, చిన్న నమూనా ఒకటి నా ముందు పెట్టించి, "ఆ తొడ మళ్ళీ ఒకసారి చూపించు" అన్నారు. నేను రోజంతా ఆ మట్టిని పూశాను, గీకాను. అది అగ్గిపెట్టెలాగే వచ్చింది. మరునాడు ముంజేతులు గోళ్ళతో గీరుకుని, ఎర్రబడ్డ చర్మం చూపించి, ఈ మట్టి నా ఒంటికి పడడం లేదని చెప్పాను. ఆవిడ కాసేపు నా చేతులు చూసి, నన్ను రంగుల విభాగానికి పంపారు.

ఇంతటితో ఆగి ఉంటే దాన్ని వయసు తప్పు అనుకునేవాణ్ణేమో. రెండో సంవత్సరంలో మట్టి హాల్లో మూడు ఖాళీలు వచ్చాయి. మనుషులు దొరకలేదు. మేడమ్ నన్ను పిలిచి అడిగారు: "మీ ఊరి దగ్గర తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ళుంటారట కదా. చదువుతో నాకు పనిలేదు, చెయ్యి కావాలి. నీకు తెలిసిన వాళ్ళెవరైనా ఉన్నారా?"

బావ వస్తే మట్టి ముట్టుకున్న మొదటి గంటలోనే ఆవిడ ఆ చేతిని గుర్తుపడతారు. "వాళ్ళు విగ్రహాల వరకేనండి, కార్ల పని వాళ్ళకు రాదు" అన్నాను.

ఆ ఖాళీలు నాలుగేళ్ళు అలాగే ఉన్నాయి. ఆ నాలుగేళ్ళలోనే తెనాలి షెడ్డులో యంత్రంతో చెక్కిన అచ్చులు బయటినుంచి రావడం మొదలైంది. బావకు వారంలో రెండు రోజులే పని మిగిలింది. మిగతా రోజులు నిజాంపట్నం రేవుకు వెళ్ళి, చేపల పడవల ఫైబరు బీటలకు అతుకులు వేస్తున్నాడు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా అతని మోచేతుల దాకా ఎండిన రెజిన్ జిగురు మరకలుండేవి. అడిగితే "పడవకు పొట్ట ఉంటదిరా, అదీ బాగుంటది పని" అనేవాడు.

మా గుడిలో, అంటే చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి ముందు సంఘమంతా నిలబడి పాపాలు ఒప్పుకుంటాం. అందరితో కలిసి ఒప్పుకోవడం సులువు. ఎవరి పాపం ఏదో ఎవరూ అడగరు. బావ పక్కనే నిలబడి, ఏడేళ్ళలో ఎన్నిసార్లు అలా ఒప్పుకుని, శుభ్రపడ్డాననుకుని, తిరుగు రైలెక్కానో లెక్కలేదు.

ఇటీవల మేడమ్ పదవీ విరమణ చేశారు. అంతకు నెల ముందే మట్టి హాలు మూసేశారు. ఇప్పుడు ఆకారాలన్నీ తెర మీదే, తప్పనిసరైతే యంత్రం చెక్కుతుంది. వీడ్కోలు రోజున మాకు ఒక కారు చూపించారు. విదేశాల్లో పరిమితంగా తయారైన రకం. శక్తిమంతమైన దాని ఇంజను మీద, దాన్ని మొదటినుంచి చివరిదాకా తన చేతులతో బిగించిన కార్మికుడి సంతకం ఉన్న చిన్న పలక ఉంది. అందరూ ఆ పలకను ఫోటోలు తీసుకుంటున్నారు. మేడమ్ నా పక్కకు వచ్చి, "నీ చర్మం సంగతి నయమైందా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు.

ఆవిడకు మొదటి రోజే తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. అక్కడే నిలబడి అంతా చెప్పాను. బండితో వచ్చిన మనిషి ఎవరో చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నువ్వు డబ్బిచ్చి ఎవరిచేతనో చేయించావనుకున్నాను. పిల్లలు చేస్తూనే ఉంటారు. ఆ మనిషి నా ఎదురుగా నిలబడి నాకు దణ్ణం పెట్టాడని తెలియదు." ఇంజను మీది పలక వైపు తిరిగి, "మూడు ఖాళీలు" అన్నారు. "ఇప్పుడు నా దగ్గర హాలే లేదు. నాకు చెప్పి ఏం లాభం?"

ఆ శనివారమే రేపల్లె వెళ్ళాను. మరునాడు గుడి నుంచి వచ్చాక అక్క వంటింట్లో చేపల పులుసు పెడుతోంది. బావ అరుగు మీద కూర్చుని చాకుతో గోళ్ళలో రెజిన్ గీకుతున్నాడు. అక్కకు కూడా వినపడేలాగే చెప్పాలని నిశ్చయించుకుని గుమ్మంలో కూర్చున్నాను. అన్నిటికంటే పెద్దదనుకున్న తప్పును ముందు చెప్పాను. మూడు ఖాళీలు, మేడమ్ అడగడం, నేను అన్న మాట.

అక్క గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమన్నావు? పని రాదన్నావా? ఈయనకా?"

"అన్నానక్కా."

"రెండేళ్ళ నించీ రేవులో ఆ కంపులో కూర్చుని దగ్గుతా ఉంటే, సెలవులకొచ్చి పులుసన్నం తిని పోయావే! ఒక్క మాట నోట్లోంచి రాలా? చదువుకున్నోడివి, నీకు మాటలు తక్కువయ్యాయా?"

"ఊరుకోవే" అన్నాడు బావ. అతని ముఖంలో పెద్ద మార్పు లేదు. "మద్రాసులో మనమెక్కడుంటాం? ఆ భాషా రాదు, ఆ ఎండా పడదు. పోనీరా. అయిపోయిందిగా."

నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఆ ఊపిరి వచ్చినందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. చిన్నదే మిగిలిందనుకుని, రెండోది కూడా చెప్పాను. "ఆ రోజు బాపట్లలో ఆవిడ మెచ్చుకున్నది రంగును కాదు బావా. వెనుక చక్రం మీద నువ్వు పెట్టిన తొడను. నేను నీకు అబద్ధం చెప్పాను."

అతని చేతిలోని చాకు ఆగింది.

"రంగు కాదా?"

"కాదు."

"మరి... ఏమంది?"

చెప్పాను. అతను వింటూ నేల వైపే చూస్తున్నాడు. చాకు అరుగు మీద పెట్టి, "ఆవిడ అన్నది అన్నట్టు చెప్పు. ఇంగ్లీషులోనే చెప్పు" అన్నాడు.

"హూజ్ హ్యాండ్ ఈజ్ దిస్."

"అంటే?"

"ఇది ఎవరి చెయ్యి అని."

"ఎవరి చెయ్యి అని అడిగిందా? ఎవరు చేశారని కాకుండా?" అని, తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "ఏమేవ్, విన్నావా? ఇట్రా, కూర్చో. మళ్ళీ చెప్పరా, మీ అక్క విన్లా."

అక్క విన్నది. ఆమె అప్పటికే కొంగుతో ముఖం కప్పుకుంది. అయినా నేను మళ్ళీ చెప్పాను. ఇరవై ఏళ్ళుగా పనిచేసేవారి సంగతి, ఒంటిని ఎరిగిన చెయ్యి అన్న మాట, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. మూడోసారి అడిగాడు, మూడోసారీ చెప్పాను. నేను చెబుతున్న ప్రతిసారీ అతని ముఖం వెలిగేది, ప్రతిసారీ ఆ వెలుగు చూడడం నాకు దుర్భరమయ్యేది. ఉద్యోగం చేజారినందుకు కదలని మనిషి, ఏడేళ్ళు ఆలస్యంగా అందిన ఒక మాటను పదే పదే చెప్పించుకుంటున్నాడు. నేను ఏది దొంగిలించానో అప్పటిదాకా నాకే సరిగా తెలియదు.

"చెయ్యి పెట్టి చూసిందా?"

"చూశారు. అరచెయ్యంతా ఆనించి."

"ఏ పక్క?"

"ఎడమ పక్క."

"ఎడమదానికే అంత మాట అందా! కుడిదిరా బాగా కుదిరింది. రెండోసారి చేసింది కదా, చేతికి తెలిసిపోయింది. అటు తీసుకెళ్ళి చూపించకపోయావా?"

ఆ పక్కన అతను నిలబడి ఉన్నాడు. అందుకే ఆవిడను నేను అటు రానివ్వలేదు. ఆ మాట కూడా చెప్పాను.